పడటం నేర్చుకున్న వారం

‘కాలు జారితే తీసుకోగలం కానీ నోరు జారితే తీసుకోలేం’ అని మన పెద్దలు అంటారు. మేము ఒక వారం రోజులు కాలు జారడమే పనిగా పెట్టుకుని వచ్చినవాళ్ళం. అందుకే వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ మేడమ్ ఫోన్ చేసినప్పుడు, తలా ఒక ఊళ్ళో ఉన్న మేము ఆరుగురం ఒకరికొకరం ఫోన్లు చేసుకుని ఒకటే మాట అనుకున్నాం. “ఔలీ గురించి రాద్దాం.”

అది 2019 ఫిబ్రవరి. మేము ఈ హాస్టల్లోనే ఉంటూ ఎనిమిది, తొమ్మిది తరగతులు చదువుతున్నాం. ఆ రోజు నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. ‘ఫ్రీస్టైల్ స్కీయింగ్ ప్రాథమిక శిక్షణ శిబిరం, ఏడు రోజులు, ఔలీ, ఉత్తరాఖండ్’ అని ఉంది. మాకు ఫ్రీస్టైల్ అంటే ఈత పోటీ ఒక్కటే తెలుసు. “ఇంత చలికాలంల ఈతేందే?” అని నవ్వుకున్నాం. అప్పుడు పీఈటీ మేడమ్ వచ్చి చెప్పారు. కాళ్ళకు పొడవాటి పట్టీలు కట్టుకుని మంచు మీద జారడం స్కీయింగ్. ఆ జారుడులోనే ఎగరడం, గాలిలో తిరగడం, గుట్టలు గుట్టలుగా ఉన్న మంచు మీద దూకుతూ దిగడం ఫ్రీస్టైల్. ఒలింపిక్స్‌లో కూడా ఉందట. 1988లో కాల్గరీలో ప్రదర్శనగా ఆడించి, 1992లో ఆల్బర్ట్‌విల్‌లో మొదటిసారి పతకాలు ఇచ్చారట. మంచు అంటే ఫ్రిజ్‌లో ఐసు తప్ప చూడని మాకు అదంతా కథలా వినిపించింది.

అయితే మా భోజనాల గది గోడ మీద ఒక పేపరు కటింగు ఉండేది. ఈ హాస్టల్లో చదివినవాళ్ళందరికీ అది గుర్తుండే ఉంటుంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్‌ల ఫోటో అది. పూర్ణకు అప్పుడు పదమూడేళ్ళ పదకొండు నెలలు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి కోట రాతిగుట్ట మీద పాకడం నేర్చుకుని, తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ తీసుకుని అంత ఎత్తుకు పోయారు. రోజూ అన్నం తింటూ ఆ ఫోటో చూసేవాళ్ళం. కాబట్టి “మనతోని అయితదా?” అని ఎవరమూ అడగలేదు. “ఇంట్లో పంపుతరా?” అన్నదే మా బెంగ.

జిల్లా మైదానంలో పరుగు, తాడాట, ఒంటికాలి మీద నిలబడటం పెట్టి పదిమందిని ఎంపిక చేశారు. ఆదివారం నాడు అమ్మానాన్నలు చూడటానికి వచ్చినప్పుడు నలుగురి ఇళ్ళవాళ్ళు వద్దన్నారు. వాళ్ళను తప్పు పట్టలేం. ఆడపిల్లలను అంత దూరం, మంచులోకి, పన్నెండు రోజులు పంపమంటే ఎవరికైనా గుండె ఆగుతుంది. చివరికి మిగిలింది మేము ఆరుగురం.

మాలో చివరగా పేరు రాయించుకున్నది బుజ్జి. అసలు పేరు రాయొద్దని తనే అంది కాబట్టి హాస్టల్లో పిలుచుకున్నట్టు బుజ్జి అనే రాస్తున్నాం. తన సంగతి రాయొచ్చా అని కూడా అడిగాం. “రాయండ్రి. నా అసొంటి పిల్ల ఎవలన్న సదువుతది” అంది. తనది అన్ని పనులూ ఒక్కటీ తప్పకుండా చేసే తీరు. ప్లేటు తళతళలాడేది. నోటు పుస్తకంలో కొట్టివేత ఉండేది కాదు. తెలియని ప్రశ్నకు చెయ్యి ఎత్తేది కాదు. అది మంచి గుణమనే అప్పుడు మేము అనుకున్నాం.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, అక్కడి నుంచి హరిద్వార్, ఆపైన బస్సు. రిషికేశ్ దాటాక దాదాపు 250 కిలోమీటర్ల కొండదారి. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. దేవప్రయాగలో అలకనంద, భాగీరథి కలిసే చోట బస్సు ఆపారు. ఒక నది నీళ్ళు ఒక రంగు, ఇంకొక దాని నీళ్ళు ఇంకొక రంగు. అక్కడి నుంచి దానికి గంగ అని పేరు. రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ దాటేసరికి మాలో నలుగురికి వాంతులు. పీఈటీ మేడమ్ తెచ్చిన నిమ్మకాయలు అయిపోయాయి. చీకటి పడ్డాక జోషీమఠ్ చేరాం.

పొద్దున్నే కిటికీ తెరిచి అరిచాం. ఎదురుగా తెల్లటి కొండలు. అంత దగ్గరగా ఉన్నట్టే ఉంటాయి, కానీ ఎంతో దూరం. జోషీమఠ్‌లో నరసింహస్వామి గుడి ఉంది. చలికాలంలో బదరీనాథ్ గుడి మూసేసినప్పుడు పూజలు ఇక్కడ చేస్తారు. “మన యాదగిరి నర్సింహస్వామి ఈడగూడ ఉన్నడు!” అని మాలో ఒకామెకు ఎంత ధైర్యం వచ్చిందో! అక్కడి నుంచి రోప్‌వే ఎక్కాం. దాదాపు నాలుగు కిలోమీటర్లు తీగల మీద వేలాడుతూ, దేవదారు చెట్ల పైనుంచి ఔలీ చేరాం. సముద్రమట్టానికి 2,500 మీటర్ల నుంచి 3,000 మీటర్ల దాకా పరుచుకున్న వాలు అది. 2011లో మొదటి దక్షిణాసియా శీతాకాల క్రీడలు డెహ్రాడూన్‌తో పాటు ఇక్కడే జరిగాయి. దూరంగా 7,816 మీటర్ల నందాదేవి కనిపిస్తుంది. ఇంకో పక్క ద్రోణగిరి. హనుమంతుడు సంజీవని కోసం పెకలించుకుపోయిన కొండ ఇదేనని అక్కడివాళ్ళ నమ్మకం. తమ కొండను ఎత్తుకుపోయాడని ద్రోణగిరి ఊరివాళ్ళు హనుమంతుణ్ణి పూజించరట! మాకు ఈ మాట తెగ నచ్చింది.

మాకు నేర్పినాయన జోషీమఠ్ దగ్గరి పల్లెవాడు. అందరూ ఉస్తాద్ అనే పిలిచేవాళ్ళు, మేమూ అలాగే పిలిచాం. చిన్నప్పుడు చెక్క పలకలు కాళ్ళకు కట్టుకుని జారడం నేర్చుకున్నాడట. మా హిందీ అంతంత మాత్రం. ఆయనకు తెలుగు రాదు. అయినా వారం రోజుల్లో ఏ మాటా ఆగిపోలేదు.

మొదటి రోజంతా బూట్లతోనే సరిపోయింది. స్కీ బూటు మన బూటు లాంటిది కాదు. గట్టి ప్లాస్టిక్ డొప్ప. చీలమండ కదలదు. వేసుకుని నడిస్తే అందరం కాళ్ళు విరిగిన కొంగల్లా ఉన్నాం. తర్వాత స్కీలు. బూటు ముందు కొస బిగింపులో పెట్టి మడమతో గట్టిగా తొక్కితే ‘టక్’ మని పడుతుంది. కాలు మెలిపడేలా పడితే ఆ బిగింపు దానంతట అదే ఊడిపోతుంది, ఎముక విరగకుండా. ఒక కాలికే స్కీ తొడిగి మైదానంలో నడిపించాడు. తర్వాత రెండో కాలికి. ఆ తర్వాత వాలుకు అడ్డంగా నిలబడి మెట్లు ఎక్కినట్టు పక్కకు పక్కకు ఎక్కడం. నలభై అడుగులు ఎక్కేసరికి స్వెట్టర్ లోపల చెమట.

రెండో రోజు పొద్దున అందరం వరుసలో నిలబడ్డాం, ఇవాళ జారుతాం అని. ఉస్తాద్ అన్నాడు, “పహలే గిర్నా సీఖో.” ముందు పడటం నేర్చుకోండి!

మేము తప్పు విన్నామనుకున్నాం. తప్పు వినలేదు. రెండు గంటలు పడటమే నేర్పాడు. ముందుకు పడకూడదు, వెనక్కి పడకూడదు. కొండ ఉన్న వైపుకు, పక్కకు, తుంటి మీద కూర్చున్నట్టు పడాలి. చేతులు వెనక పెట్టకూడదు, మణికట్టు విరుగుతుంది. చేతికర్రలు ఒంటికి దూరంగా ఉంచాలి. పడ్డాక కంగారుగా లేవకూడదు. ముందు స్కీలు ఎటు చూస్తున్నాయో చూసుకోవాలి. వాటి కొసలు పల్లానికి ఉంటే లేచిన మరుక్షణం మళ్ళీ జారిపోతాం. కాబట్టి పడుకునే కాళ్ళు తిప్పి, స్కీలను మనకంటే కింది వైపు, వాలుకు అడ్డంగా పెట్టి, అంచులు మంచులో గుచ్చుకున్నాక లేవాలి. “వాలు ఎటు ఉందో ఎట్ల తెల్వాలె?” అని అడిగితే, నీళ్ళు పోస్తే ఎటు పారుతాయో అదే వాలు అన్నాడు. ఇక మాకు చెప్పక్కర్లేదు. మడికి నీళ్ళు కట్టిన ఇళ్ళ పిల్లలం!

పడి లేచి, పడి లేచి, మధ్యాహ్నానికి ఐదుగురం నవ్వీ నవ్వీ అలిసిపోయాం. బుజ్జి మాత్రం నవ్వలేదు. ఉస్తాద్ పడమన్నప్పుడల్లా మోకాళ్ళు వంచి, మెల్లగా చేత్తో నేల తడిమి కూర్చునేది. అది పడటం కాదు. ఉస్తాద్ చూశాడు, ఏమీ అనలేదు.

మూడో రోజు జారుడు. స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనుక కొసలు దూరంగా పెడితే అదే బ్రేకు. దాన్ని స్నో ప్లౌ అంటారు, అంటే మంచు నాగలి. వెనుక మడమలు ఎంత బయటికి తోస్తే అంత నెమ్మది. కుడికాలి మీద బరువు వేస్తే ఎడమకు, ఎడమకాలి మీద వేస్తే కుడికి తిరుగుతాం. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి ఒళ్ళు ఒప్పుకోదు. ఎందుకంటే భయం వేయగానే ఒళ్ళు దానంతట అదే వెనక్కి వాలుతుంది. వెనక్కి వాలితే స్కీల ముందు భాగం మీద బరువు ఉండదు, అప్పుడు అవి మన మాట వినవు, ఇంకా వేగంగా పోతాయి. నిలబడాలంటే భయపడే వైపుకే, పల్లం వైపుకే వంగాలి. పిక్క ఎముక బూటు ముందు భాగానికి ఒత్తుకోవాలి. కళ్ళు కాళ్ళ మీద కాక ముందుకు ఉండాలి. ఇది ఎంత విన్నా అర్థం కాదు. పదిసార్లు పడ్డాక అర్థమవుతుంది.

మాతో పాటు ఒక పెద్ద నగరం నుంచి వచ్చిన పిల్లలు ఉన్నారు. వాళ్ళ కళ్ళద్దాలు, చేతి తొడుగులు సొంతవి. మావి అక్కడ అద్దెకు ఇచ్చినవి, కొన్ని తడిసినవి. ఒకమ్మాయి “మీరు ఎంత కట్టారు?” అని అడిగింది. “మాది గవర్నమెంట్ హాస్టల్” అని చెప్పాం. తను ఏమీ అనలేదు కానీ మాకు ఆ పూట ఏదో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. సాయంత్రానికి ఆ అమ్మాయీ మేమూ ఒకే వలకు గుద్దుకుని ఒకరి మీద ఒకరం పడ్డాం. ఎవరి స్కీ ఎవరిదో తెలియలేదు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు.

రాత్రుళ్ళు చలి సున్నాకు కిందికి పోయేది. పైపుల్లో నీళ్ళు గడ్డ కట్టేవి. ఇంటి నుంచి తెచ్చుకున్న కొబ్బరినూనె సీసాలో రాయిలా అయిపోయింది. సీసా చంకలో పెట్టుకుని పడుకుని, పొద్దున జడలు వేసుకునేవాళ్ళం. రాజ్మా, అన్నం, చపాతీ పెట్టేవాళ్ళు. ఒకరోజు నల్లటి రొట్టె పెట్టారు, మండువా రొట్టె అని. వాసన చూసి ఎగిరి గంతేశాం. మన తైదలు! మా అవ్వలు చేసే తైద రొట్టె అంత దూరంలో, అంత ఎత్తులో దొరికింది. మేము తెచ్చిన మామిడికాయ తొక్కు ఉస్తాద్‌కు వేశాం. కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ వేయమన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం బుజ్జి మంచులో కూర్చుండిపోయింది. స్కీలు ఊడదీసి పక్కన పెట్టింది. “నేను రాను. నన్ను ఇంటికి పంపియ్యండ్రి.”

పీఈటీ మేడమ్ బతిమాలారు. మేము బతిమాలాం. చివరికి మాలో ఒకరం కొంచెం విసుక్కున్నాం కూడా. “పడితె ఏమైతదే? మంచే కదా!”

అప్పుడు చెప్పింది. రెండేళ్ళు ఒకే గదిలో పక్కపక్కన పడుకున్న మాకు అప్పటిదాకా తెలియని సంగతి. వాళ్ళ నాయిన హైదరాబాద్‌లో కట్టడాల పని చేసేవాడు. మూడో అంతస్తులో పలక మీద నిలబడి గోడకు సిమెంటు పూస్తుంటే పలక జారింది. నడుము పోయింది. పని పెట్టుకున్నాయన వారం రోజులు ఆస్పత్రి ఖర్చు పెట్టి, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఉన్న అర ఎకరం పోయింది. బుజ్జి ఆరో తరగతి మధ్యలో మానేసి అమ్మతో పత్తి ఏరడానికి పోయింది. ఏడాది తర్వాత మన వార్డెన్ మేడమ్ వాళ్ళ ఊరికి పోయి, ఇంటి ముందు కూర్చుని మాట్లాడి మళ్ళీ తీసుకొచ్చారు. అన్నీ చెప్పి బుజ్జి అంది, “మా ఇంట్ల ఒక్కసారే పడ్డరు. ఇంగ లేవలే.”

మేము ఎవరమూ మాట్లాడలేదు. పెద్దలు చెప్పిన సామెత కూడా అందరి ఇళ్ళకూ సరిపోదని ఆ రోజు తెలిసింది. కాలు జారినా తీసుకోలేని ఇళ్ళు ఉన్నాయి. ఆలోచిస్తే మా అందరి ఇళ్ళూ కొంచెం అటువంటివే. ఒక్క పంట పోతే, ఒక్క జ్వరం వస్తే, ఒక్క పరీక్ష తప్పితే వెనక్కి తిరగడానికి జాగా ఉండదు. అందుకే మాకు చిన్నప్పటి నుంచి ‘జాగ్రత్త’ అన్న మాటే ఎక్కువ చెప్పారు. బుజ్జి నోటు పుస్తకంలో కొట్టివేతలు ఎందుకు లేవో కూడా అప్పుడు అర్థమైంది.

పీఈటీ మేడమ్ వచ్చిన హిందీలో ఉస్తాద్‌కు చెప్పారు. ఆయన బుజ్జికి ధైర్యం చెబుతాడని, చెయ్యి పట్టుకుని లేపుతాడని అనుకున్నాం. చెయ్యి ఇవ్వలేదు. తన స్కీలు తొడుక్కుని, బుజ్జి కూర్చున్న చోటుకు రెండు బారల కింద వాలుకు అడ్డంగా నిలబడ్డాడు. “నువ్వు జారితే నా దాకా వస్తావు, అంతకంటే కిందికి పోవు” అన్నాడు. అంతే. ఇంకేమీ అనలేదు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. చలిగాలి కొడుతోంది. మేమూ నిలబడ్డాం.

కొంతసేపటికి బుజ్జి స్కీలు తొడుక్కుంది. నాలుగు అడుగులు జారింది. ఒళ్ళు వెనక్కి పోయింది. పడింది. నిజంగా పడింది, చేత్తో తడమకుండా, తుంటి మీద, మంచు చిమ్మేలా. ఉస్తాద్ అక్కడే, కిందే ఉన్నాడు. బుజ్జి కొంతసేపు కదలకుండా పడుకుంది. తర్వాత కాళ్ళు తిప్పుకుని, స్కీలు వాలుకు అడ్డం పెట్టి, తనంతట తానే లేచింది. అప్పుడు ఉస్తాద్ ఇంకో రెండు బారల కిందికి దిగి మళ్ళీ నిలబడ్డాడు. ఆ పూట బుజ్జి పదకొండుసార్లు పడింది. లెక్క తనే పెట్టుకుంది.

ఐదో రోజు తాడు పట్టుకుంటే పైకి లాగే లిఫ్టు ఎక్కి పెద్ద వాలు నుంచి దిగాం. ఆరో రోజు మేము ఎదురుచూసిన ఫ్రీస్టైల్. పారలతో మంచు పోగుచేసి, మోకాలెత్తు గుట్ట కట్టి, దాని వెనుక దిగే చోట మంచును గుల్లగా చేశారు. దూకేటప్పుడు మోకాళ్ళు వంచి, గుట్ట అంచు దగ్గర నిటారుగా లేవాలి. గాలిలో ఉన్నంతసేపు చేతులు ముందుకు పెట్టాలి. దిగేటప్పుడు మళ్ళీ మోకాళ్ళు వంచాలి. మైదానం మీద దిగితే దెబ్బ తగులుతుంది. వాలు మీద దిగితే దెబ్బ జారుడులో కలిసిపోతుంది. మేము గాలిలో ఉన్నది అరక్షణమే. అయినా ఆ అరక్షణం ఇప్పటికీ గుర్తుంది. కడుపులో ఉన్నదంతా గొంతులోకి వచ్చినట్టు ఉంటుంది.

ఆ సాయంత్రం ఉస్తాద్ ఫోన్‌లో పెద్ద క్రీడాకారుల వీడియోలు చూపించాడు. ఏరియల్స్ అనే పోటీలో మంచు గుట్ట మీది నుంచి ఎగిరి గాలిలో మూడుసార్లు పల్టీలు కొడతారు. 1994 నుంచి దానికి ఒలింపిక్ పతకం ఉంది. స్కీ క్రాస్ 2010లో, హాఫ్‌పైప్, స్లోప్‌స్టైల్ 2014లో చేర్చారు. “వీళ్ళకు భయం కాదా?” అని అడిగాం. ఉస్తాద్ నవ్వి ఇంకో వీడియో పెట్టాడు. ఎండాకాలం. మంచు లేదు. ఏటవాలు బల్ల మీది నుంచి స్కీలతోనే జారివచ్చి నీళ్ళ కొలనులో దూకుతున్నారు. ఇంకో చోట పెద్ద గాలి పరుపు మీద పడుతున్నారు. ఒక పల్టీని నీళ్ళలో ఎన్నోసార్లు పడి పడి నేర్చుకున్నాకే మంచు మీద చేస్తారట. “అటువంటి కొలను మా దగ్గర లేదు. ఉంటే నేనూ నేర్చుకునేవాణ్ణి” అన్నాడు ఉస్తాద్.

మాకు వెంటనే మా ఊరి బావులు గుర్తొచ్చాయి. నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి, మీద నుంచి దూకమని బాబాయిలు అరిచేవాళ్ళు. మునిగినా బుర్ర పైకి తేలుస్తుంది. బుర్ర ఉందన్న ధైర్యంతో దూకి దూకి, ఒకరోజు బుర్ర లేకుండా దూకేవాళ్ళం. గాలిలో పల్టీలు కొట్టేవాళ్ళు మనకంటే ధైర్యవంతులు అనుకున్నాం. నిజమే కావచ్చు. కానీ పడటానికి మెత్తటి చోటు దొరికాకే ఆ ధైర్యం వచ్చింది. అది దొరకనివాళ్ళను పిరికివాళ్ళు అనకూడదు.

ఏడో రోజు చిన్న పోటీ పెట్టారు. మాలో నలుగురం గుట్ట మీద దూకాం, ఇద్దరం నిలబడ్డాం, ఇద్దరం బొక్కబోర్లా పడ్డాం. ఒకామెకు మోకాలు బెణికి చూస్తూ కూర్చుంది. బుజ్జి దూకలేదు. “నాకు దూకబుద్ధి అయితలేదు. పెద్ద వాలు ఒక్కదాన్నే దిగుత” అంది. ఉస్తాద్ సరే అన్నాడు. పైనుంచి కిందిదాకా మలుపులు తిరుగుతూ దిగింది. మధ్యలో రెండుసార్లు పడింది. ఈసారి కింద ఎవరూ నిలబడలేదు. మాకు పతకాలు రాలేదు, సర్టిఫికెట్లు వచ్చాయి. అవి ఇప్పటికీ ఆరుగురి దగ్గరా ఉన్నాయి.

ఆ రాత్రి పీఈటీ మేడమ్ ఫోన్ నుంచి ఇళ్ళకు మాట్లాడాం. బుజ్జి వాళ్ళ నాయినతో మాట్లాడేటప్పుడు మేమంతా పక్కనే రగ్గుల్లో ఉన్నాం.

“ఏం నేర్పిన్రు బిడ్డా?” అని అడిగాడాయన.

“పడుడు నేర్పిన్రు నాయినా.”

అటునుంచి కొంతసేపు మాట లేదు. తర్వాత, “మరి లేసుడు?” అన్నాడు.

“అది గూడ నేర్పిన్రు.”

“మంచిది బిడ్డా. పైలంగ రా” అన్నాడు.

మేము వచ్చేశాక ఆ కొండలకు మంచి రోజులు రాలేదు. 2021 ఫిబ్రవరి 7న రిషిగంగలో వరద వచ్చి తపోవన్ దగ్గర ఎంతోమంది కూలీలు కొట్టుకుపోయారు. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి వందల ఇళ్ళు పగుళ్ళు తీశాయి. ఎన్నో కుటుంబాలు ఇళ్ళు వదిలాయి. మేము ఎక్కిన రోప్‌వేను ఆపేశారు. టీవీలో ఆ వీధులు చూసి ఉస్తాద్‌కు ఫోన్ చేశాం. వాళ్ళింటి గోడకూ బీట పడిందట. “గిర్‌నా సీఖా హై, ఉఠ్ జాయేంగే” అన్నాడు. ఆయన నవ్వాడు కానీ మాకు నవ్వు రాలేదు. 2022లో బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి కాశ్మీర్ స్కీయర్ ఆరిఫ్ ఖాన్ ఒక్కడే వెళ్ళినప్పుడు కూడా ఆయనే గుర్తొచ్చాడు. ఒక కొలను ఉంటే ఆయన ఎక్కడిదాకా పోయేవాడో!

మాలో ఎవరమూ స్కీ క్రీడాకారులం కాలేదు. మళ్ళీ మంచు కూడా చూడలేదు. ఇద్దరు నర్సింగ్ చదివారు. ఒకరు ఇంటర్ రెండుసార్లు తప్పి, మూడోసారి రాసి ఇప్పుడు డిగ్రీలో ఉన్నారు. ఒకరికి పెళ్ళయింది, ఒకరు పోలీసు ఉద్యోగానికి తయారవుతున్నారు. బుజ్జి ఏం చేస్తోందో రాయొద్దంది. నోటు పుస్తకంలో ఇప్పుడు కొట్టివేతలు ఉంటాయని మాత్రం రాయమంది.

ఇప్పుడు హాస్టల్లో ఉన్న చెల్లెళ్ళకు ఒక్క మాట. మీ గదిలో లెక్కల్లో తప్పినామె ఉంటుంది. మధ్యలో ఇంటికి పోయి తిరిగి వచ్చినామె ఉంటుంది. రాత్రుళ్ళు దుప్పటి కప్పుకుని ఏడ్చేది ఉంటుంది. వాళ్ళను చూసి నవ్వకండి. “లే లే” అని తొందరపెట్టకండి కూడా. రెండు బారల కింద నిలబడండి. జారితే మీ దాకా వస్తుందని, అంతకంటే కిందికి పోదని తనకు తెలిస్తే చాలు, లేచే పని తనే చూసుకుంటుంది.

మన వార్డెన్ మేడమ్ ఆ రోజు బుజ్జి ఇంటి ముందు కూర్చున్నప్పుడు చేసింది అదే. పొద్దున నాలుగింటికి లేచి మా ప్రయాణానికి పులిహోర కట్టిచ్చిన వంట అక్క చేసింది అదే. వాంతులు ఎత్తిన పీఈటీ మేడమ్ చేసింది కూడా అదే. వాళ్ళందరికీ, ఆ కొండల్లో ఉన్న ఉస్తాద్‌కు మా నమస్కారాలు.

– పూర్వ విద్యార్థినులు, ఆరుగురం